పాడెల్ కోర్టు నిర్మాణం: రకం ఎంచుకోవడం నుంచి ఆటకు అప్పగించేదాకా

పాడెల్ అంటే చుట్టూ గోడలున్న చిన్న కోర్టులో, ప్రధానంగా నలుగురు రాకెట్లతో ఆడే, టెన్నిస్‌ను పోలిన ఆట. దానికి కోర్టు కట్టించదలచినవారు చాలామంది ముందుగా గాజు గోడల ఫొటోలు చూసి, నచ్చిన రకాన్ని మనసులో ఖాయం చేసుకొని, ఆ తరువాతే స్థలం గురించీ పునాది గురించీ ఆలోచిస్తారు. ఈ క్రమాన్ని తిరగెయ్యాలి. గాజు పలక పగిలితే మరొకటి బిగించవచ్చు, టర్ఫ్ (నేల మీద పరిచే కృత్రిమ గడ్డి) అరిగితే కొత్తది పరవవచ్చు, దీపాలు చాలకపోతే పెంచుకోవచ్చు. కింద పోసిన కాంక్రీటు మట్టం తప్పితే మాత్రం, పైన నిలబెట్టినదంతా విప్పితే గాని దాన్ని సరిచేయడం కుదరదు. అందుకే ఈ మార్గదర్శి నేల దగ్గర మొదలై, రకాల ఎంపిక మీదుగా పైకి సాగుతుంది. మీ బడ్జెట్‌లో ఏదో ఒకటి తగ్గించక తప్పకపోతే గాజు రకంలో తగ్గించండి, పునాదిలో తగ్గించకండి.

ముందుగా తెలుసుకోవలసిన కొలతలు

ఈ ఆట 1969లో మెక్సికోలోని అకపుల్కోలో, ఎన్రికే కోర్క్వెరా తన ఇంటి ఆవరణలో కట్టించిన గోడల కోర్టుతో మొదలైంది. నాటి నుంచి నేటి వరకూ గోడ ఆటలో భాగమే. బంతి నేలను తాకి గోడకు తగిలి తిరిగి వచ్చాక కూడా కొట్టవచ్చు. కాబట్టి గోడల కొలతల్లో వచ్చే తప్పు, గీతల కొలతల్లో వచ్చే తప్పుకు ఏమాత్రం తీసిపోదు.

అంతర్జాతీయ పాడెల్ సమాఖ్య నియమాల ప్రకారం కోర్టు లోపలి కొలత 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 0.5 శాతం వరకూ తేడాను అనుమతిస్తారు. నెట్టు ఎత్తు మధ్యలో 88 సెంటీమీటర్లు, చివరల్లో 92 సెంటీమీటర్లకు మించకూడదు. సర్వీసు గీతలు నెట్టుకు రెండు వైపులా 6.95 మీటర్ల దూరంలో ఉంటాయి. గీతలన్నీ 5 సెంటీమీటర్ల వెడల్పు. వెనుక గోడ 3 మీటర్ల ఎత్తు, దాని మీద మరో మీటరు జాలీ, వెరసి 4 మీటర్లు. పక్క గోడలు మూల నుంచి మొదటి 2 మీటర్లు 3 మీటర్ల ఎత్తున, తరువాతి 2 మీటర్లు 2 మీటర్ల ఎత్తున మెట్టులా దిగుతాయి. పక్క ద్వారాలు తప్ప మిగిలిన భాగమంతా జాలీయే. ఇద్దరే ఆడుకోవడానికి 20 × 6 మీటర్ల సింగిల్స్ కోర్టు కూడా ఉంది. అయితే పాడెల్ ప్రధానంగా నలుగురు ఆడే ఆట కనుక, పూర్తి కోర్టులు సరిపోను ఉన్నచోటే దాన్ని అదనంగా కట్టడం మంచిది. ఒకే ఒక్క కోర్టుకు చోటున్నప్పుడు సింగిల్స్ కోర్టు కట్టితే నలుగురి ఆటకు అది శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది.

మొదటి దశ: స్థలాన్ని పరీక్షించడం

లోపలి కొలత 20 × 10 అయినా, స్తంభాల మందం, పునాది బీము, చుట్టూ నడిచే దారి కలుపుకుంటే అంతకంటే ఎక్కువ స్థలం కావాలి. పైగా నైపుణ్యం ఉన్న ఆటగాళ్లు పక్క ద్వారం గుండా బయటికి పరుగెత్తి బంతిని తిరిగి లోపలికి కొడతారు; అందుకు ప్రతి పక్కనా కనీసం 2 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఖాళీ నేల ఉండాలి. ఇవన్నీ లెక్కవేస్తే ఒక కోర్టుకు దాదాపు 15 × 22 మీటర్ల జాగా అట్టిపెట్టుకోవడం వివేకం. పక్కపక్కనే రెండు మూడు కోర్టులు వేసేవారు మధ్య ఖాళీని కుదించి ఇంకొకటి ఇరికించాలని చూస్తారు. అలా చేస్తే బయటి ఆట పూర్తిగా పోతుంది, మరమ్మతు సమయంలో గాజు పలకను మోసుకువెళ్లే దారి కూడా ఉండదు.

ఆరుబయట కోర్టును పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేటట్టు వేయాలి. తూర్పు పడమరలుగా వేస్తే ఉదయం ఒక జట్టుకు, సాయంత్రం మరో జట్టుకు సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు. ఎత్తుగా లేచే లాబ్ షాట్లు ఎక్కువగా ఉండే ఈ ఆటలో అది చిన్న ఇబ్బంది కాదు. హాలు లోపల కట్టేటప్పుడు దిక్కుకన్నా ఎత్తు ముఖ్యం. కోర్టు మొత్తం మీద 6 మీటర్ల వరకూ దూలం, దీపం, గొట్టం ఏదీ అడ్డు రాకూడదన్నది కనీస షరతు. కొత్తగా హాలు కట్టించేవారు 8 మీటర్లకు తగ్గకపోవడం మంచిది. పాత గిడ్డంగిని తీసుకుంటున్నప్పుడు ఎత్తును కప్పు వరకూ కాక, కప్పు కింద వేలాడే వాటిలో అన్నిటికన్నా కిందనున్న దాని వరకూ కొలవాలి.

తరువాత నేల స్వభావం చూడాలి. తడికి ఉబ్బి ఎండకు బీటలువారే నల్లరేగడి వంటి బంకమట్టి, పూడ్చిన చెరువు, చెత్త నింపిన గుంత, ఇటీవల మట్టి పోసి ఎత్తు చేసిన స్థలం, ఇవన్నీ ప్రమాదకరమైనవే. మట్టి పరీక్ష చేయించకుండా వీటిమీద కోర్టు మొదలుపెట్టకూడదు. వాన నీరు ఎటు పారుతుందో కూడా చూడాలి. కోర్టు చుట్టుపక్కల నేలకన్నా కొద్దిగా ఎత్తుగా ఉండాలే గాని పల్లంలో ఉండకూడదు.

ఇళ్ల మధ్య కట్టేవారు చప్పుడు సంగతి మొదటే తేల్చుకోవాలి. రాకెట్ మీద, గాజు మీద బంతి కొట్టే చప్పుడు పొడిగా, తెరలు తెరలుగా వస్తూ టెన్నిస్ కన్నా ఎక్కువగా చెవిని తాకుతుంది. కోర్టు కట్టాక వచ్చే ఫిర్యాదుల్లో ముందు వరుసలో ఉండేది ఇదే. శబ్దాన్ని ఆపే అడ్డుగోడ తరువాత కట్టవచ్చు గాని, దూరాన్ని తరువాత పెంచలేము.

రెండవ దశ: రకాన్ని ఎంచుకోవడం

మొదటిది సాధారణ గాజు కోర్టు. దీనిలో ప్రతి 2 మీటర్లకు ఒక ఉక్కు స్తంభం ఉండి, వాటి మధ్య గాజు పలకలు బిగిస్తారు. పలకలు 10 మిల్లీమీటర్ల మందం ఉంటే సరిపోతుంది. గాలి ఒత్తిడిని ఎన్నో స్తంభాలు పంచుకుంటాయి, పునాది పని తేలిక, పలక మార్చడం సులువు. క్లబ్బులకు, పాఠశాలలకు, గాలి ఎక్కువగా వీచే ఆరుబయలు ప్రదేశాలకు నా సిఫారసు ఇదే. ఆట నాణ్యతలో ఇది ఖరీదైన రకాలకు వెనుకబడదు.

రెండవది పనోరమిక్ కోర్టు. వెనుక గోడలో మధ్య స్తంభాలు తీసేసి, పలకలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి, పైన అడ్డదూలంతో పట్టి ఉంచుతారు. గాజు 12 మిల్లీమీటర్లు ఉండాలి. ప్రేక్షకులకు, కెమెరాలకు ఆట అడ్డంకి లేకుండా కనిపిస్తుంది. మూల స్తంభాలు కూడా తీసేసిన దాన్ని ఫుల్ పనోరమిక్ అనో సూపర్ పనోరమిక్ అనో అమ్ముతారు. ఈ పేర్లు ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కో అర్థంలో వాడుకలో ఉన్నాయి కనుక, పేరును బట్టి కాక నిర్మాణ డ్రాయింగును బట్టి ధరలు పోల్చండి.

రెండింటి మధ్య ఎంచుకోవడానికి గాలి లెక్క ఒకటి చూస్తే చాలు. సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో వీచే గాలి చదరపు మీటరు మీద సుమారు 55 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి తెస్తుంది. వెనుక గాజు గోడ 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, అంటే 30 చదరపు మీటర్లు. వెరసి ఒక్క గోడ మీదే 1,650 కిలోల నెట్టుడు. గోడ ఆకారాన్ని, వెనుక వైపు ఏర్పడే పీడనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అసలు బరువు ఇంతకన్నా పెరుగుతుంది. సాధారణ కోర్టులో ఆ గోడను 6 స్తంభాలు మోస్తాయి. పనోరమిక్‌లో ఆ భారం కొద్ది చోట్లనే కేంద్రీకృతమవుతుంది కాబట్టి స్తంభాలు, వాటి అడుగున ఉండే ఉక్కు పలకలైన బేస్ ప్లేట్లు, పునాది అన్నీ బలపడాలి. తుపాను గాలులు వచ్చే చోట ఆరుబయట పనోరమిక్ కట్టాలంటే ఆ ప్రాంతపు గాలి వేగానికి స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి సంతకం పెట్టిన డ్రాయింగు తప్పనిసరి. హాలు లోపల అయితే ఈ చిక్కు ఉండదు; ప్రేక్షకులు వచ్చే పోటీ కోర్టుకు పనోరమిక్ నిజంగానే తగినది.

మూడవది కాంక్రీటు లేదా ఇటుక గోడల కోర్టు. గాజు తేవడం కష్టమైన చోట ఇది పనికొస్తుంది. నియమాలు కూడా గోడ పారదర్శకంగానే ఉండాలని పట్టుపట్టవు. గోడ మొత్తం మీద బంతి ఒకే రకంగా తిరిగి వచ్చేటట్టు ప్లాస్టరింగు నున్నగా, గట్టిగా, నిట్టనిలువుగా ఉండాలి. బయటినుంచి ఆట కనిపించదు, గాలి ఆడదు.

నాల్గవది తాత్కాలిక కోర్టు. చుట్టూ బరువైన ఉక్కు చట్రం ఉండి, నేలలో బోల్టులు దించకుండానే నిలుస్తుంది. ప్రదర్శనలకూ, అద్దె స్థలాలకూ మంచిది. అయితే కింద అప్పటికే మట్టమైన గట్టి నేల ఉండాలి; గాలికి ఎదురుగా శాశ్వతంగా వదిలేయదగినది కాదు.

మూడవ దశ: పునాది, నేల

ఇక్కడ తొందరపడకండి. పైమట్టిని, వేళ్లను పూర్తిగా తీసి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, కంకరను పొరలు పొరలుగా పోసి ఒక్కో పొరనూ విడిగా రోలింగు చేయాలి. ఒకేసారి మందంగా పోసి పైన రోలరు తిప్పితే అడుగు పొర వదులుగానే ఉండిపోయి, కొన్నాళ్లకు అక్కడ కుంగుతుంది.

మూలలు గుర్తించేటప్పుడు టేపుతో పొడవు వెడల్పులు చూసి సరిపెట్టుకోకుండా కర్ణాలు కొలవాలి. 20 × 10 మీటర్ల దీర్ఘచతురస్రానికి మూల నుంచి మూలకు కొలత 22.36 మీటర్లు రావాలి, రెండు కర్ణాలూ ఒకటే ఉండాలి. సగం కోర్టుకు, అంటే 10 × 10 మీటర్లకు, అది 14.14 మీటర్లు. ఇక్కడ 2 సెంటీమీటర్ల తేడాను పట్టించుకోకుండా వదిలేస్తే, మూలలో ఆఖరి గాజు పలక దగ్గర అది బయటపడుతుంది. టెంపర్డ్ గాజును (వేడిచేసి చప్పున చల్లార్చి బలపరచిన గాజును) అప్పుడు కోసి సరిపెట్టే వీలు లేదు.

చుట్టూ స్తంభాలు నిలిచే చోట ఇనుప చువ్వలతో బీము పోయాలి. 40 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు సాధారణ కోర్టుకు తరచు వాడే కొలత. మీ మట్టికీ మీ గాలికీ సరైనది ఇంజనీరు చెప్పాలి. లోపలి నేలకు రెండు మార్గాలున్నాయి. 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన ఇనుప జాలితో మామూలు కాంక్రీటు స్లాబు పోసి, వాటంతో నీటిని పక్కలకు పంపడం ఒకటి. నీరు కిందికి ఇంకిపోయే పోరస్ కాంక్రీటు పోయడం రెండవది. వానలు ఎక్కువైన చోట రెండవది ఆటను త్వరగా తిరిగి మొదలుపెట్టనిస్తుంది, కాని దాని కింద నీరు బయటికి పోయే దారి కూడా ఉండాలి. 12 సెంటీమీటర్ల స్లాబుకు 200 చదరపు మీటర్ల మీద 24 ఘనపు మీటర్ల కాంక్రీటు, చుట్టూ బీముకు మరో 10 ఘనపు మీటర్ల దాకా పడుతుంది. సరఫరాదారుడి అంచనా ఇంతకన్నా చాలా తక్కువగా ఉంటే మందం ఎక్కడ తగ్గించారో అడగండి.

వాటం 1 శాతానికి మించకూడదు. హాలు లోపల వాటమే అక్కర్లేదు. 3 మీటర్ల పొడవున్న, వంకర లేని అల్యూమినియం పట్టీని నేల మీద ఏ దిశలో పెట్టినా కింద 3 మిల్లీమీటర్లకు మించిన సందు కనబడకూడదు. ఈ పరీక్షను మీరే, పట్టీ చేతపట్టి, కోర్టంతా తిరిగి చేయండి. టర్ఫ్ పరిచాక గుంటలు కంటికి కనిపించవు గాని, బంతి అక్కడ పడ్డ ప్రతిసారీ చచ్చుగా లేస్తుంది. క్యూరింగు, అంటే కాంక్రీటును తడిగా ఉంచి గట్టిపడనివ్వడం, పూర్తిగా జరగాలి. కాంక్రీటుకు పూర్తి బలం 28 రోజులకు వస్తుందని లెక్క. అంతకుముందే స్తంభాల బోల్టులు దించి బిగిస్తే పట్టు చాలదు.

నాల్గవ దశ: ఉక్కు చట్రం

తుప్పు మొదట పట్టేది కాళ్ల దగ్గర, రంధ్రాల దగ్గర. కాబట్టి రంధ్రాలు వేయడం, వెల్డింగు చేయడం అన్నీ ముగిశాక మాత్రమే స్తంభాలను వేడి జింకులో ముంచి గాల్వనైజింగు చేయాలి, దాని మీద పౌడర్ కోటింగు వేయాలి. సైటులో డ్రిల్లింగు చేసి వేసిన ప్రతి కొత్త రంధ్రమూ ఆ రక్షణకు గండి కొట్టడమే. సముద్రతీరాన ఉన్నవారు గాల్వనైజింగు లేని, రంగు మాత్రమే వేసిన చట్రాన్ని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోకూడదు.

స్తంభాలను బేస్ ప్లేట్లతో నిలబెట్టి, రసమట్టంతో గాని లేజరుతో గాని నిలువు చూసి, అన్నీ నిలిచిన తరువాతే బోల్టులు పూర్తిగా బిగించాలి. జాలీ కళ్లు 5 సెంటీమీటర్ల చదరాలుగా ఉండటం వాడుక. వెల్డింగు ముక్కలు, తెగిన తీగ కొసలు లోపలి వైపుకు పొడుచుకొని రాకూడదు. ఆటగాళ్లు జాలీ మీదికి వేగంగా వచ్చి ఆనుకుంటారు గనుక అరచేతితో మొత్తం తడిమి చూడటం అతిజాగ్రత్త అనిపించుకోదు. పక్క ద్వారాల దగ్గర అంచులు గుండ్రంగా గాని, మెత్తని తొడుగుతో గాని ఉండాలి.

ఐదవ దశ: గాజు

మెట్టు గోడలున్న కోర్టుకు మొత్తం 18 పలకలు పడతాయి: 3 × 2 మీటర్లవి 14, 2 × 2 మీటర్లవి 4. పెద్ద పలక 10 మిల్లీమీటర్ల మందంలో సుమారు 150 కిలోలు, 12 మిల్లీమీటర్లలో 180 కిలోలు తూగుతుంది. కోర్టు మొత్తానికి వరుసగా రెండున్నర టన్నులు, మూడు టన్నులు. గాజుకు అతుక్కొని పట్టుకునే వ్యాక్యూమ్ పట్టులు, తగినంతమంది అనుభవజ్ఞులు లేకుండా దీన్ని కదల్చకూడదు. గాలి వీచే రోజు ఈ పని వాయిదా వేయాలి.

టెంపర్డ్ గాజు పగిలినప్పుడు చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది, అందుకే ఇక్కడ దాన్ని వాడతారు. ముఖభాగాన ఎంతో బలంగా ఉన్నా, అంచు దగ్గర తగిలిన చిన్న దెబ్బకే మొత్తం పలక పొడి అయిపోతుంది. అందువల్ల పలకను నేరుగా కాంక్రీటు మీద గాని ఉక్కు మీద గాని ఆనించకుండా, అడుగున రబ్బరు దిమ్మలు, బోల్టు చుట్టూ నైలాన్ బుష్ (తొడుగు), రెండు పక్కలా వాషర్లు పెట్టాలి. పలకకూ పలకకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి. బోల్టు తల గాజు లోపలి ముఖం దాటి కోర్టులోకి పొడుచుకు రాకూడదు. రెండు పలకలు కలిసే చోట వేలితో రాస్తే మెట్టు తగలకూడదు, ఎందుకంటే అక్కడ తగిలిన బంతి ఎటు పోతుందో ఎవరూ ఊహించలేరు. ఏ దెబ్బా తగలకుండానే లోపలి కల్మషం వల్ల పలక పగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది. హీట్ సోక్ పరీక్ష (పలకలను ముందే వేడిచేసి, పగిలే లోపమున్నవి అక్కడే పగిలేలా చూడటం) చేసిన గాజు తెప్పిస్తే అది బాగా తగ్గుతుంది. పనోరమిక్ కట్టేవారు దీన్ని ఒప్పందంలో రాయించుకోవాలి.

ఆరవ దశ: టర్ఫ్, ఇసుక, దీపాలు

గాజు మోసే పని అయిపోయాక టర్ఫ్ పరిస్తే అది పాడవదు. పోచ ఎత్తు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉన్నది వాడండి. చీలిక పోచల రకం చవక, కాని పోచల మధ్య నింపే ఇసుక ఎక్కువ కావాలి. వంకులు తిరిగిన పోచల రకం ఇసుకను లోపల దాచుకొని బంతిని అంతటా ఒకేలా లేపుతుంది. రోజంతా ఆడే క్లబ్బుకు వంకుల పోచే మేలు. స్లాబు పూర్తిగా ఆరాకే, అతుకుల కింద పట్టీ వేసి జిగురు పెట్టాలి. తెల్ల గీతలను రంగుతో వేయకుండా టర్ఫ్‌ను కోసి పొదగాలి.

ఇసుక గుండ్రని గింజల సిలికాయే కావాలి, ఆరినదై ఉండాలి. నది ఇసుకలోని మట్టి తడిస్తే గట్టిపడి నీటి దారులు మూసేస్తుంది. పరిమాణం టర్ఫ్ తయారీదారు చెప్పినంతే వేయాలి. చదరపు మీటరుకు 10 కిలోలు అయితే కోర్టుకు 2 టన్నులు అవుతుంది. దాన్ని ఒక్కసారిగా కుమ్మరించకుండా పలుచగా చల్లి, బ్రష్ చేసి, మళ్లీ చల్లాలి. ఇసుక ఎక్కువైతే కాళ్లు జారతాయి, తక్కువైతే బూటు పట్టేసి మోకాలికి దెబ్బ తగులుతుంది.

దీపాలు కోర్టు మీదుగా కాక పక్కల నుంచి, నేల నుంచి కనీసం 6 మీటర్ల ఎత్తున ఉండాలి. మామూలు ఆటకు 300 లక్స్ (వెలుగు కొలమానం), పోటీలకు 500 లక్స్ లక్ష్యంగా పెట్టుకోండి. ఒక్క మధ్యలోనే కాక నాలుగు మూలల్లోనూ లక్స్ మీటరుతో కొలవండి. వెనుక గాజు దగ్గర వెలుగు తగ్గిందంటే అసలు ఆట నడిచే చోటే చీకటి పడిందన్నమాట. తల ఎత్తి లాబ్ చూస్తున్న ఆటగాడి కంట్లో కాంతి సూటిగా పడుతోందో లేదో రాత్రివేళ కోర్టులో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఏడవ దశ: ఆటకు అప్పగించేముందు పరీక్ష

గట్టి నేల మీద 2.54 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన పాడెల్ బంతి 135 నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తుకు లేవాలని నియమం. టర్ఫ్ మీద కొంత తగ్గుతుంది. అదే ఎత్తు నుంచి ఒకే కొత్త బంతిని కోర్టులో చాలా చోట్ల వదిలి, ఎక్కడ తక్కువ లేస్తోందో గుర్తు పెట్టుకోండి. అక్కడ ఇసుక సరిదిద్దినా తేడా మారకపోతే లోపం కాంక్రీటులో ఉన్నట్టే. తరువాత నీళ్లు కొట్టి, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. చివరి వాయిదా డబ్బు ఈ రెండు పరీక్షలూ అయ్యేదాకా ఇవ్వకూడదని ఒప్పందంలోనే రాసుకోండి.

ఆట మొదలయ్యాక ఇసుక మెల్లగా మూలలకు, గాజు అడుగుకు చేరుతుంది కాబట్టి వారానికొకసారైనా బ్రష్ చేయించాలి. మొదటి నెలల్లో చట్రం సర్దుకుంటుంది, ఆ కాలంలో బోల్టులన్నీ ఒకసారి చూసి, గాజు దగ్గరివి అతిగా బిగించకుండా సరిచేయాలి. కట్టే రోజునే రెండు సైజుల్లోనూ ఒక్కొక్క పలక అదనంగా తెప్పించుకొని, నిలువుగా, అంచులకు దెబ్బ తగలని చోట దాచండి. రంధ్రాల స్థానాలు తయారీదారుని బట్టి మారతాయి, గాజును టెంపరింగు చేశాక వాటిని మార్చడం సాధ్యపడదు; కనుక పలకల డ్రాయింగును రంధ్రాల కొలతలతో సహా మీ దగ్గర ఉంచుకుంటే, తయారీదారు అందుబాటులో లేని రోజున కూడా మరో చోట అదే పలకను చేయించుకోగలరు.